ఉమ్మడిగా నడిచే వెబ్ సేవలు, జవాబుదారీతనం: అపోహలు - వాస్తవాలు

విశాఖ ఓడరేవు నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యల కంటైనర్ వెనుక శీతల గిడ్డంగి, రవాణా సంస్థ, కస్టమ్స్ ఏజెంటు, బ్యాంకు వంటి పలువురి సాఫ్ట్‌వేర్ సేవలు ఉంటాయి. పైనుండి అజమాయిషీ చేసే కేంద్రం లేకుండా అవి నేరుగా ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటూ పని పూర్తి చేసే పద్ధతిని కొరియోగ్రఫీ అంటారు. మధురవాడలో ఇటువంటి అనుసంధానాలు రూపొందించే మాకు తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: హెచ్‌టీటీపీఎస్ ఉంటే అదనపు భద్రత అక్కర్లేదు.

వాస్తవం: హెచ్‌టీటీపీఎస్ లోపల సందేశాలను గుప్తీకరించే టీఎల్ఎస్ పద్ధతి ఇచ్చే రక్షణ, సందేశం దారిలో ఉన్నంతవరకే. సందేశాలకు వాడే తాళపుచెవులు (రహస్య సంఖ్యలు) ఇరుపక్షాల దగ్గరా ఉంటాయి కనుక, ఫలానా సందేశాన్ని ఎవరు రాశారో మూడో పక్షానికి నిరూపించే ఆధారం తర్వాత మిగలదు. అందుకే పంపినవారి దగ్గర మాత్రమే ఉండే తాళపుచెవితో సందేశానికే డిజిటల్ సంతకం ఉండాలి. వెబ్ సేవలు ఎక్కువగా వాడే జేసన్ రూపంలోని సమాచారానికి ఆ పద్ధతిని 2015లో ఆర్ఎఫ్‌సీ 7515 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం నిర్దేశించింది. అయితే పంపినవారి సంతకంతో సగం పనే అవుతుంది. గిడ్డంగి ఉష్ణోగ్రత పెరిగిందని పంపిన హెచ్చరిక తమకు అందనే లేదని రవాణా సంస్థ వాదిస్తే ఆ సంతకం ఏమీ తేల్చలేదు. అందుకున్నవారు కూడా సంతకం చేసిన రసీదు తిరిగి పంపాలి, అందులో అసలు సందేశపు హ్యాష్ (సందేశం కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర వంటి చిన్న కోడ్) ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది ఈ రసీదే.

అపోహ: ప్రతి సేవా నమ్మదగినదైతే మొత్తం వ్యవస్థా అంతే నమ్మదగినది.

వాస్తవం: ఒక్కొక్కటి 99.9 శాతం సమయం అందుబాటులో ఉండే అయిదు సేవలు విడివిడిగా విఫలమవుతాయనుకుంటే, అయిదూ కలిసి పనిచేసే సమయం సుమారు 99.5 శాతమే. అంటే ఒక్క సేవకు నెలకు 43 నిమిషాలుగా ఉండే అంతరాయం, మొత్తం వ్యవస్థకు మూడున్నర గంటలు దాటుతుంది.

అపోహ: బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తే నమ్మకం దానంతటదే వస్తుంది.

వాస్తవం: బ్లాక్‌చెయిన్ అంటే పలువురి దగ్గర నకళ్లు ఉండే ఉమ్మడి చిట్టా. నమోదైనది మారకుండా అది కాపాడగలదు గానీ, నమోదైనది నిజమని చెప్పలేదు. సెన్సర్ తప్పు చూపితే ఆ తప్పే చెరగకుండా నిలుస్తుంది. పైగా చిట్టాలో మార్పులను పసిగట్టడానికి బ్లాక్‌చెయినే అక్కర్లేదు. 2013 నాటి ఆర్ఎఫ్‌సీ 6962 మెర్కిల్ ట్రీ (నమోదుల హ్యాష్‌లను చెట్టులా అంచెలంచెలుగా కలిపే అమరిక) ఆధారంగా ఆ పని చేసి చూపింది. భాగస్వాములు తమ చిట్టాల తాజా హ్యాష్‌లను సంతకంతో పరస్పరం ఇచ్చిపుచ్చుకుంటూ, వాటిని ఎంతకాలం భద్రపరచాలో, వివాదం వస్తే ఎవరికి చూపాలో ఒప్పందంలోనే ముందుగా రాసుకోవాలి.