మీ గ్రహం మీద నీళ్లు ఎక్కడివి?

బిడ్డలారా,

మీరు పంపిన నోటుబుక్కు నిన్న రాత్రి రెండుసార్లు చదివిన. ఎర్ర ఇసుక, రెండు చందమామలు, ఏడు తలల పాము, నీళ్లు వెతుక్కుంట పోయే పన్నెండేళ్ల పిల్ల. మంచి కథ ఎత్తుకున్నరు. అందుకే ఒక మాట గట్టిగ అడుగుతున్న. మూడో అధ్యాయంల ఆ పిల్ల గుక్కెడు నీళ్ల కోసం మూడు రోజులు నడిచింది. నాలుగో అధ్యాయంల రాజు కోటల ఫౌంటెన్ ఎగురుతున్నది. ఆ నీళ్లు ఎవరు తోడిన్రు? ఎవరి బిందె ఖాళీ అయ్యింది? అది తేలకుంటే మీ ఇసుక నాకు వేడి తగలదు.

కొలతలకు అంగారకుణ్ని పక్కన పెట్టుకోండి. అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్ల నూరో వంతు కూడా లేదు. ఇక్కడ 30 కిలోలు తూగే పిల్ల అక్కడ 11 కిలోలంత తేలికైతది. సూర్యుడు కుంకేటప్పుడు ఆ చుట్టూ ఆకాశం నీలంగ కనపడ్తది. దాని పెద్ద చందమామ ఫోబోస్ పడమట పొడిచి తూర్పున కుంకుతది. మీరేమో రెండు చందమామలని రాసి వదిలేసిన్రు! పడమట పొడిచే చందమామను నమ్ముకొని దారి వెతికే పిల్ల ఎన్నిసార్లు తప్పిపోతదో ఆలోచించండి. ఒక అధ్యాయం అక్కడ్నే దొరుకుతది.

2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిల పర్‌క్లోరేట్ అనే ఉప్పును పట్టింది. అది ఒంట్లకు పోతే థైరాయిడ్ పనికి అడ్డం పడ్తది. ఆ సంగతి చదివిన రోజు నాకు మన మర్రిగూడ దిక్కు బోరింగులే యాదికొచ్చినయి.

మన నల్లగొండ రాళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది. అది కరిగి నీళ్లల్ల కలుస్తది. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మన దగ్గర చాలా ఊర్లల్ల దాటింది. మా అక్క ఆ నీళ్లే తాగి పెరిగింది. బిందెల చూస్తే అద్దంలెక్క తేట. వాసన లేదు, చేదు లేదు. నలభై దాటంగనే మెడ తిరగకపాయె. వెనుక నుంచి ఎవరన్న పిలిస్తే గోడ పట్టుకొని ఒళ్లంత తిప్పి చూసేది. మీ ఏడు తలల పాము నన్ను భయపెట్టలేదు బిడ్డా. అసొంటి తేట నీళ్లు మీ గ్రహం మీద ఒక్క చెలిమెల ఉన్నా నాకు నిద్ర పట్టదు.

ఇంకోటి. మీ పిల్ల చేతికి మంత్రకత్తి ఇచ్చిన్రు. తీసేయమని నా సలహా. 1970లల్ల నాగ్‌పూర్‌ల నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతి కనిపెట్టిన్రు, దానికి మన ఊరి పేరే, నల్లగొండ టెక్నిక్. నీళ్లల్ల సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కొలతగ వేస్తరు. ముందు జోరుగ, తర్వాత మెల్లగ కలుపుతరు. తెల్లటి మడ్డి కట్టి అడుగుకు దిగుతది. గంటసేపు కదిలించకుండ ఉంచి పైతేట వంచుకుంటరు. దాహంతోని నాలుక ఎండిపోతున్న పిల్ల బిందె ముందల కూసోని ఆ గంట ఎట్ల ఆగిందో రాయండి. కత్తియుద్ధం కంటే అది కష్టం, చదివేటోళ్లు కూడ ఊపిరి బిగబట్టుకుంటరు.

ఐదో అధ్యాయంల గుహ కాడి అవ్వకు ఒక పాత బిందె ఉందన్నరు గద. దాని అడుగున ఏం పేరుకున్నదో రాసి పంపండి. పోస్టు కోసం చూస్తుంట.

మీ తాత
నల్లగొండ