టమాటా ఎరువు మిగతా కుండీలకు వేయొచ్చా?

చిన్నీ, బుజ్జీ,

మిద్దె మీద టమాటాలకని తెచ్చిన ఎరువు సగం డబ్బా మిగిలింది, మిగతా కుండీలకు వేయమంటావా తాతయ్యా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. వేయొచ్చు, కానీ అన్నిటికీ కాదు. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి. 4-3-8 లాగా మూడు అంకెలుంటాయి. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్ (చివరి రెండింటినీ ఆక్సైడ్ లెక్కలో వేస్తారు, అది పై క్లాసుల్లో చదువుకుంటారులే). నత్రజని ఆకునీ కొమ్మనీ పెంచుతుంది, భాస్వరం వేరుకి బలం, పొటాష్ పూతకీ కాయకీ కావాలి. టమాటా ఎరువులో మామూలుగా మూడో అంకె పెద్దది. కొన్నిసార్లు పైన టమాటా బొమ్మ వేసి లోపల 19-19-19 అమ్ముతారు, అందుకే బొమ్మని నమ్మకండి, అంకెలే చూడండి.

ఇప్పుడు ఒక్కో కుండీ దగ్గర నిలబడి, దీన్నుంచి మనం ఏం కోసుకుంటాం అని అడగండి. కాయో పువ్వో అయితే ఈ ఎరువు పనికొస్తుంది. వంగ, మిర్చి ఎలాగూ టమాటా చుట్టాలే. బీర, సొర, దొండ, గులాబీ, బంతికి కూడా పూత మొదలయ్యాక వేయండి. ఆకు కోసుకునేవాటికి, అంటే తోటకూర, పాలకూర, కరివేపాకులాంటివాటికి వద్దు, వాటికి నత్రజని కావాలి, వర్మీకంపోస్ట్ గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ చాలు.

ఇక్కడ నేను ఒకసారి పొరపాటు చేశాను. బెండ, గోంగూర, మందార మూడూ ఒకే కుటుంబం మొక్కలు, ఆ సంగతి తెలుసు కాబట్టి మూడింటికీ వారం వారం ఒకే ఎరువు పోశాను. బెండ విరగకాసింది, మందార నిండా మొగ్గలేసింది, గోంగూర మాత్రం ఆకు చిన్నదైపోయి, పాలిపోయి, అంచులు మాడిపోయాయి. మీ నానమ్మ ఆ ఏడాది పచ్చడికి గోంగూర బజార్లో కొనాల్సి వచ్చింది, నాకు ఇప్పటికీ బాధే. చుట్టరికం ఒకటే అయినా మనం కోసుకునేది వేరు, తిండీ వేరే.

చిక్కుడు, గోరుచిక్కుడుకి నత్రజని గురించి టెన్షన్ అక్కర్లేదు, వాటి వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోంచి తీసి ఇస్తుంది. పూతప్పుడు కొంచెం టమాటా ఎరువు పోస్తే తప్పు లేదు. రెండాకుల నారుకి మాత్రం ఏదీ పోయకండి.

డబ్బా మీద రాసిన కొలతకంటే ఎప్పుడూ ఎక్కువ ఎరువు నీళ్లలో కలపకండి, చిన్న కుండీలైతే అందులో సగమే. పొడి మట్టిలో పోయకూడదు, ముందు మామూలు నీళ్లు పోసి, మట్టి తడిశాక, ఎండ తగ్గిన సాయంత్రం పోయండి. కుండీ అంచున తెల్లగా పెచ్చు కట్టిందంటే ఉప్పులు పేరుకున్నట్టు. అప్పుడు ఎరువు ఆపి, అడుగు చిల్లుల్లోంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లు పోస్తే చాలావరకు కడుక్కుపోతాయి. ఇంకోటి, పొటాష్ మరీ ఎక్కువైతే మొక్క మెగ్నీషియం తీసుకోలేదు, అడుగున ఉన్న ముదురాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతాయి. అలా కనిపిస్తే ఇంకా ఎరువు కావాలేమో అనుకుని మళ్లీ పోసేస్తారు చాలామంది, మీరు పోయకండి.

చిన్నీ, నువ్వు ఫొటోలో చూపించిన టమాటా అడుగున నల్లమచ్చ ఉంది చూడు, అది ఈ ఎరువుతో పోదు. కాయకి కాల్షియం అందక వస్తుంది, ఎక్కువగా నీళ్లు ఒకరోజు పోసి రెండు రోజులు మర్చిపోతే అలా అవుతుంది. రోజూ వేలు మట్టిలో గుచ్చి చూసి, పైన ఎండితే పోయండి, ఎండాకులు మందంగా పరచండి. పాడైన కాయ తీసేయండి, తర్వాత వచ్చే కాయల ఫొటో నాకు పంపండి.

మీ తాతయ్య