అయస్కాంత గోళీలు మింగితే వచ్చే కడుపునొప్పి

చిరంజీవులు మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

కడుపునొప్పి అనగానే ఇంట్లో ముందు నిన్నటి పానీపూరీకి తిట్లు పడతాయి, తర్వాత వాము నీళ్లు వస్తాయి. చాలాసార్లు దాంతో సర్దుకుంటుంది కూడా. నేను రాసేది అలా సర్దుకోని ఒక అరుదైన నొప్పి గురించి.

బొమ్మలు కట్టుకునే మెరిసే చిన్న గోళీలు చూశారుగా? అవి నియోడిమియం అయస్కాంతాలు. ఫ్రిజ్ తలుపుకు అంటించే వాటికన్నా చాలా బలమైనవి. కొందరు పెద్ద పిల్లలు నాలుక పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, నాలుకకు పోగు కుట్టించుకున్నట్టు నటిస్తారు. నవ్వొస్తే రెండూ గుటుక్కుమంటాయి.

ఒక్కటే అయితే మామూలుగా దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చేస్తుంది. రెండైతేనే చిక్కు. పేగు ఒక మడతలో ఒకటి, పక్క మడతలో ఇంకొకటి ఉంటే గోడల మీదుగానే అతుక్కుంటాయి. మధ్యలో నలిగిన గోడకు రక్తం అందక చిల్లి పడుతుంది. అయస్కాంతంతో పాటు ఇనుప ముక్క మింగినా ఇంతే. మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత నొప్పి, వాంతులు, జ్వరం వస్తాయి. ఏదో ఇన్ఫెక్షన్ అనిపిస్తుంది. మింగిన సంగతి మీరు దాస్తే డాక్టరుకు అనుమానం ఎందుకొస్తుంది? తిడతారని భయమైతే అమ్మమ్మకైనా చెప్పండి.

ఎక్స్‌రేలో కనిపిస్తాయి. కానీ ఒకదాని వెనక ఒకటి ఉంటే ఒక్కటే అనిపిస్తుంది కాబట్టి పక్క నుంచి కూడా తీస్తారు. మిగిలిన గోళీల పెట్టె తీసుకెళ్లండి. 216 ఉండాల్సిన చోట 213 ఉంటే ఎన్ని వెతకాలో తెలుస్తుంది.

కడుపులో ఉండగానే అయితే నొప్పి లేకపోయినా, మత్తిచ్చి, గొంతులోంచి ఎండోస్కోపీ గొట్టంతో తీసేస్తారు. పేగులోకి జారిపోతే ఆసుపత్రిలోనే ఉంచి మళ్లీ మళ్లీ ఎక్స్‌రే తీస్తూ కదులుతున్నాయో లేదో చూస్తారు. కదలకపోయినా, నొప్పి మొదలైనా ఆపరేషనే.

అమెరికాలో వీటి అమ్మకాన్ని కట్టడి చేస్తూ 2014లో నిబంధన తెచ్చారు. 2016లో కోర్టు కొట్టేసింది. 2022లో మళ్లీ తెచ్చారు. ఒక ఆటవస్తువు కోసం ఇన్నేళ్లు వాదించుకున్నారంటే నాకు విడ్డూరమే.

నాణెం మింగితే అరటిపండు పెట్టడం మనకు అలవాటు. ఇక్కడ అది వద్దు. మత్తివ్వాల్సి రావచ్చు కాబట్టి డాక్టరు చెప్పేదాకా ఏమీ తినొద్దు, తాగొద్దు. ఎంఆర్ఐ స్కానింగ్ గదిలోకి అసలే వెళ్లకూడదు, అక్కడున్నది ఇంకా పెద్ద అయస్కాంతం.

మీ తాతయ్య