కీళ్లున్న ఇంజన్లు: గారట్ మీద అపోహలు, వాస్తవాలు

ఆవిరి ఇంజన్ల షెడ్‌లో ఫిట్టర్‌గా చేరి, డీజిల్ వచ్చాక డీజిల్‌కి మారి, రిటైరైనవాణ్ణి నేను. పాత ఇంజన్లంటే సరదా ఉన్న కుర్రాళ్లు ఫోన్‌కి ఫొటోలు పంపి "ఇదేంటి సార్?" అని అడుగుతుంటారు. ఈమధ్య ఎక్కువగా వస్తున్నవి గారట్ అనే కీళ్ల ఆవిరి ఇంజన్ ఫొటోలు. ముందు ఒక జట్టు చక్రాలు, వెనక ఒక జట్టు, మధ్యలో వేలాడుతున్నట్టు బాయిలర్. ఫొటోతో పాటే ఒక అపోహ కూడా వస్తుంది. తరచుగా విన్నవి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో నడిచిన కె1 ను తీసుకుంటాను. ప్రపంచంలో మొదటి గారట్ రకం అదే.

అపోహ: రెండు ఇంజన్లను వీపులు ఆనించి అతికిస్తే గారట్ అవుతుంది.

చక్రాలు, వాటిని ఆవిరితో తిప్పే సిలిండర్లు రెండు జట్లు ఉంటాయి, అంతవరకు నిజం. బాయిలర్ మాత్రం ఒకటే. ఫైర్‌బాక్స్ ఒకటే, అందులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకడే. పల్లకీని గుర్తు తెచ్చుకోండి. ముందు బోయీలు, వెనక బోయీలు, మధ్యలో పల్లకీ. గారట్‌లో బాయిలర్ ఆ పల్లకీ. సందు మలుపులో ముందువాళ్లు ముందు తిరుగుతారు, వెనకవాళ్లు తర్వాత తిరుగుతారు, పల్లకీ ఎవరి భుజం మీదా విరగదు. ముందు జట్టు మీద నీళ్ల ట్యాంకు, వెనక జట్టు మీద బొగ్గు, నీళ్లు. రెండు చోట్లా బాయిలర్ ఫ్రేమ్ ఒక తిరిగే కీలు మీద కూర్చుంటుంది.

దీనివల్ల వచ్చే లాభం నాలాంటి షెడ్ మనిషికి ఇట్టే కనిపిస్తుంది. బాయిలర్ కింద చక్రాలు లేవు. మామూలు ఇంజన్‌లో చక్రాలకు, ఫ్రేమ్‌కు చోటిస్తూ ఫైర్‌బాక్స్‌ను ఇరుకు చేయాల్సి వస్తుంది. ఇక్కడ వెడల్పుగా, లోతుగా కట్టుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. మలుపులో పట్టాలు విల్లులా వంగితే బాయిలర్ దాని నారిలా లోపలి వైపుకు వస్తుంది. బండి బయటికి తూలబోయే చోట బరువు లోపలికి జరగడం ఎంత మేలో, మలుపులో ఇంజన్ నడిపినవాణ్ణి అడగండి.

అపోహ: కీళ్లుంటే గారటే.

కాదు. కీళ్ల ఇంజన్లలో గారట్ ఆలస్యంగా వచ్చిన తమ్ముడు. రాబర్ట్ ఫెయిర్లీ 1864లోనే తన ఇంజన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అతని ‘లిటిల్ వండర్’ 1869లో వేల్స్‌లోని ఫెస్టినియోగ్ నేరోగేజ్ లైన్ మీదికి వచ్చింది. మధ్యలో క్యాబ్, అంటే డ్రైవర్ నిలబడే గది, రెండు కొసలకీ చిమ్నీలు. వీపులు ఆనించినట్టు కనిపించేది నిజానికి ఇదే. స్విట్జర్లాండ్‌లో పుట్టిన అనాటోల్ మాలెట్ పేటెంట్ 1884 నాటిది. మాలెట్ రకంలో వెనక జట్టు బాయిలర్‌కే బిగించి ఉంటుంది, ముందు జట్టు ఒక్కటే తిరుగుతుంది. మలుపులో బాయిలర్ ముక్కు బయటికి తోసుకొస్తుంది. గారట్‌కూ దానికీ ఉన్న పెద్ద తేడా అదే.

ఊటీ రైలు ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు చూసి అదీ ఇదే జాతి అనుకునేవాళ్లున్నారు. దానికి కీళ్లు లేవు. రెండు సిలిండర్లు చక్రాలకు, రెండు పళ్ల పట్టాను పట్టుకునే పళ్ల చక్రాలకు, అంతే.

అపోహ: కె1 చూస్తే అన్ని గారట్‌లూ చూసినట్టే.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మొదటి గారట్టే అన్నిటికంటే వింత గారట్.

టాస్మానియా పడమటి తీరంలో జీహన్ నుంచి విలియమ్స్‌ఫర్డ్‌కు గనుల ఖనిజం మోసే లైన్ ఒకటుండేది. పేరు నార్త్ ఈస్ట్ డండాస్ ట్రామ్‌వే. పట్టాల మధ్య ఎడం 2 అడుగులే, అంటే 610 మిల్లీమీటర్లు. 25 అడుగులు పోతే ఒక అడుగు ఎక్కే ఎత్తు. మలుపుల వ్యాసార్ధం 99 అడుగులకు దిగేది. అక్కడ అప్పటికే, 1900 నుంచి జర్మనీ హాగన్స్ కంపెనీ కీళ్ల ఇంజన్ ఒకటి పనిచేస్తోంది. దాని తర్వాత మాంచెస్టర్ దగ్గర గోర్టన్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1909లో కె1, కె2 అని రెండు ఇంజన్లు కట్టి పంపింది. రూపం ఇంగ్లండ్ మనిషి హెర్బర్ట్ విలియమ్ గారట్‌ది. కొందరు ఆయన్ని ఆస్ట్రేలియన్ అనుకుంటారు. న్యూ సౌత్ వేల్స్ రైల్వే కోసం ఇంగ్లండ్‌లో ఇంజన్ల తనిఖీ చేసేవాడు, అందుకే ఆ గందరగోళం.

ఒక్కో ఇంజన్ బరువు 34 టన్నుల లోపే. నాలుగు ఇరుసులు, అన్నీ లాగే ఇరుసులే. ఇది కాంపౌండ్. అంటే ఆవిరి మొదట వెనక జట్టు చిన్న సిలిండర్లలో పనిచేస్తుంది. ఇంకా సత్తువ మిగిలిన అదే ఆవిరి ముందు జట్టులోని పెద్ద సిలిండర్లకు పోతుంది. చెరకు బండివాడు పిప్పిని మడిచి మళ్లీ గానుగలో పెడతాడు చూడండి, అలా. కాంపౌండ్ కావాలన్నది కొన్నవాళ్ల పట్టుదల. తర్వాత వచ్చిన గారట్లు దాదాపు అన్నీ మామూలు సిలిండర్లతోనే వచ్చాయి.

అంతకన్నా వింత, సిలిండర్లు పెట్టిన చోటు. కె1 లో నాలుగూ లోపలి కొసల్లో, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. వెనక జట్టు సిలిండర్లు సరిగ్గా క్యాబ్ కిందికి వచ్చాయి. మే నెలలో మామూలు ఇంజన్ ఫుట్‌ప్లేట్ మీద నిలబడ్డవాడికి తెలుసు, ఎదురుగా ఉన్న ఫైర్‌బాక్స్ సెగ ఒక్కటే చాలు. కింద నుంచి సిలిండర్ల వేడి కూడా కొడితే? జీహన్ వైపు వానా చలీ ఎక్కువ కాబట్టి వాళ్లు బతికిపోయారు. తర్వాతి గారట్లలో సిలిండర్లు బయటి కొసలకు జరిగాయి. ఫొటో చూసి గారట్ వయసు చెప్పమంటే నేను ముందు వెతికేది ఇదే.

అపోహ: జట్లు రెండు కాబట్టి బలం రెట్టింపు.

బలం బాయిలర్ ఇచ్చే ఆవిరిని బట్టి, చక్రాల మీద పడే బరువును బట్టి ఉంటుంది. సిలిండర్లు ఎన్ని పెట్టినా బాయిలర్ ఆవిరి అందించలేకపోతే ఎత్తు మధ్యలో బండి ఆగుతుంది. గారట్ అసలు ఉపయోగం వేరు. తేలికపాటి పట్టాలు మోయగలిగేంత బరువునే ఒక్కో ఇరుసు మీద ఉంచి, ఇరుసుల సంఖ్య పెంచుకోవచ్చు. ఒక చిక్కు కూడా ఉంది. నీళ్లు, బొగ్గు లాగే చక్రాల మీదే ఉంటాయి కాబట్టి అవి ఖర్చవుతున్న కొద్దీ పట్టు తగ్గుతుంది. నిండు ట్యాంకుతో బయల్దేరిన ఇంజన్, ట్యాంకు అడుగంటేసరికి స్లిప్ అవడం మొదలుపెడుతుంది. అప్పుడు పట్టాల మీద చల్లే ఇసుకే దిక్కు.

అపోహ: కీళ్ల దగ్గర ఆవిరి ఎప్పుడూ కారుతుంది.

ఆవిరి బయటికి రాకుండా జాయింట్లలో కూరే ప్యాకింగ్ సరిగా చూడని షెడ్‌లో ఏదైనా కారుతుంది. గారట్‌లో తిరిగే పైపు జాయింట్లను కీలుకు దగ్గరగా పెడతారు, కాబట్టి వాటికి కదలిక కొంచెమే.

అపోహ: మన దేశానికి వచ్చినవన్నీ రాక్షసి గారట్లే.

ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో నిలబెట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఎన్ క్లాస్ చూసి ఇలా అనుకుంటారు. మన వాల్తేరు దాకా వచ్చిన రైల్వే అదే. 1929లో మొదలైన ఆ బ్రాడ్‌గేజ్ రకం బరువు 234 టన్నులు. అంతకు చాలా ముందే, 1911లో డార్జిలింగ్ కొండ రైలుకు ఒక బుల్లి గారట్ వచ్చింది. 2 అడుగుల గేజ్, నంబరు 31, డి క్లాస్. దాని సిలిండర్లు అప్పటికే బయటి కొసలకు వచ్చేశాయి. ఆ రకంలో అక్కడ నడిచింది అదొక్కటే. ఇప్పుడది లేదు, పేరు తెచ్చుకున్నది మాత్రం కీళ్లు లేని చిన్న బి క్లాస్ ఇంజన్లు.

నేరోగేజ్ అంటే కీళ్ల ఇంజనే అనీ అనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న లైన్ మామూలు ట్యాంక్ ఇంజన్లతోనే గడిపింది.

అపోహ: వేల్స్‌లో నడిచిన కె1 నకలు.

నకలు కాదు, పూర్తిగా పాతదీ కాదు. టాస్మానియా లైన్ మూతపడ్డాక బేయర్ పీకాక్ వాళ్లే 1947లో కె1 ను తిరిగి కొని ఇంగ్లండ్ తెచ్చుకున్నారు. లోటు పడ్డ భాగాలు కె2 నుంచి తీసుకున్నారు. కంపెనీ మూతపడే రోజుల్లో, 1966లో ఫెస్టినియోగ్ రైల్వే దాన్ని కొనుక్కుంది. కొన్నేళ్లు యార్క్‌లోని మ్యూజియంలో ఉంది. తర్వాత కొత్త బాయిలర్ కట్టి, 2006లో వెల్ష్ హైలాండ్ రైల్వే మీద మళ్లీ పనిలోకి దించారు. కొత్త బాయిలర్ వేస్తే అసలు ఇంజనేనా అని అడుగుతారు. మా షెడ్‌లో బాయిలర్ మార్చని ఇంజన్ ఎక్కడుంది?

అదే లైన్ మీద దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఎన్‌జీజీ16 గారట్లు నడుస్తున్నాయి. వాటి గేజ్ కూడా 2 అడుగులే. ఆ రకంలో చివరివి 1968 దాకా తయారయ్యాయి, రోజువారీ రవాణా చేసే రైల్వేల కోసం కట్టిన చివరి గారట్లు అవే. మొదలైనదీ ముగిసినదీ 2 అడుగుల పట్టాల మీదే. బొమ్మ రైలు ఇంజన్ అని నవ్వే కుర్రాళ్లకు నేను ఈ రెండు ఫొటోలూ తిరిగి పంపిస్తుంటాను.