‘ఇండియన్’ ఓపెనింగ్‌కు ఆ పేరెలా వచ్చింది?

హైదరాబాద్‌లో సెలవురోజు జరిగే ఏ చదరంగం రేటింగ్ టోర్నీకి వెళ్లినా ఈ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) కనిపిస్తుంది. తెల్లపావుల వైపు మంత్రి ముందున్న బంటు రెండు గళ్లు కదులుతుంది. నల్లపావుల పిల్లాడు బంటు జోలికి పోకుండా గుర్రాన్ని తీస్తాడు, తర్వాత బంటు జీ6 గడికి, శకటు జీ7 గడికి, ఆపై క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును భద్రంగా పక్కకు చేర్చడం). 2002లో ఇదే ఊళ్లో ఆనంద్ ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రపంచ కప్ గెలిచేనాటికి పుట్టని పిల్లలు వీళ్లు. బయట కోచ్ గొణుగుతుంటాడు: ‘మళ్లీ కింగ్స్ ఇండియనే! ఇంజిన్ వద్దంటున్నా వినడు.’ ఇంజిన్ అంటే ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం.

ఇందులో ‘ఇండియన్’ ఏమిటంటే మన పాత నియమాల దగ్గరికి వెళ్లాలి. తాతల చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. క్యాస్లింగ్ లేదు, బదులుగా రాజు ఒకసారి గుర్రంలా గెంతవచ్చు (ఊరిని బట్టి ఈ నియమాలు మారేవనుకోండి). రెండు గళ్లు దూకే వీలే లేనప్పుడు నడిమి గళ్ల కోసం మొదటి ఎత్తు నుంచీ కొట్లాడటం ఎవరికి తోస్తుంది? ముందు ఇల్లు చక్కబెట్టుకుని, శకటును పక్కన కాపు పెట్టి, ఎదుటివాణ్ని రానివ్వడమే పద్ధతి.

ఆ అలవాటుతోనే బెంగాల్‌కు చెందిన మహేశ్‌చంద్ర బెనర్జీ కలకత్తాలో బారిస్టర్ జాన్ కాక్రేన్‌తో వందల ఆటలు ఆడాడు. 1855 నాటి ఒక ఆట చూడండి (ప్రతి జతలో ముందుది తెల్ల ఎత్తు, తర్వాతది నల్ల ఎత్తు; పావు పేరు లేకపోతే అది బంటు): డీ4 గుర్రం ఎఫ్6, సీ4 జీ6, గుర్రం సీ3 డీ5. ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ ఇదే వరసను పట్టుకున్నది 1922లో. పేరు మాత్రం ఆయనదైంది. మహేశ్‌చంద్రకు దక్కింది ‘ఇండియన్’ అనే ఉమ్మడి ముద్ర. పెట్రోవ్ డిఫెన్స్ అనే మరో ఓపెనింగ్‌లో ఎఫ్7 మీద గుర్రాన్ని బలిచ్చే ఎత్తుకైతే కాక్రేన్ పేరే ఉంది, అదీ మహేశ్‌చంద్ర మీద ఆడిందే! నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

కింగ్స్ ఇండియన్‌కు పరువు తెచ్చింది 1940ల సోవియట్ ఆటగాళ్లు బ్రాన్‌స్టీన్, బొలెస్లావ్‌స్కీ. తర్వాత ప్రపంచ విజేతలు ఫిషర్, కాస్పరోవ్. 1997లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నీలో రష్యా ఆటగాడు క్రామ్నిక్ బీ4 బంటు తోసి కాస్పరోవ్ మీద గెలిచాక, కాస్పరోవే ఈ ఓపెనింగ్‌ను పక్కనపెట్టాడు. ఇప్పుడు ఇంజిన్లూ తెల్లవైపే మొగ్గుతాయి.

కానీ నడిమి గళ్లు బంట్లతో మూసుకుపోయాక ఇది పరుగుపందెం. తెల్ల సీ5తో మంత్రి వైపు చీలుస్తుంది, నల్ల ఎఫ్5, జీ5 అంటూ రాజు మీదికి బంట్లను తోలుతుంది. ఇంజిన్ చూపే అర బంటు విలువైన తేడా పన్నెండేళ్ల పిల్లాడి గడియారంలో రెండు నిమిషాలు మిగిలినప్పుడు ఎక్కడుంటుంది? తలుపు తెరుచుకుంది. పిల్లాడు ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ ఊపుతూ వచ్చాడు. కోచ్ దాన్ని లాక్కుని ముందు పన్నెండో ఎత్తు వెతికాడు.