చెల్లని చెక్కు నేరంగా మారిన వైనం

చెక్కు తిరిగొచ్చినప్పుడు బ్యాంకు చేతికిచ్చే రిటర్న్ మెమో అరచేతిలో ఇమిడే కాగితం. చెక్కు నంబరు, మొత్తం, తేదీ, వాటితోపాటు తిరగగొట్టిన కారణం: ఖాతాలో సరిపడా నిధులు లేవు. సిమెంటో, ఎరువులో, బట్టలో అరువిచ్చిన వ్యాపారికి ఆ కాగితం అందిన నాటి నుంచి గడువులు మొదలవుతాయి. 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి వారికి 15 రోజులు ఉంటాయి. అప్పటికీ కట్టకపోతే ఆ పైన నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. చిన్న పట్టణాల్లో సైతం వ్యాపారులు 'వన్ థర్టీ ఎయిట్ కేసు' అని తడుముకోకుండా అనే ఈ 138వ సెక్షన్ అమల్లోకి వచ్చి నలభై ఏళ్లు కాలేదు. అది చేరిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మాత్రం 1881 నాటిది. ఆ రెంటి నడుమ నూరేళ్లకు పైగా చెక్కు చెల్లకపోవడం మన దేశంలో నేరం కాదు, వట్టి బాకీ.

1881 చట్టాన్ని రాసినవారు ప్రామిసరీ నోటు, బిల్లు (ఫలానా వారికి సొమ్ము చెల్లించమని రాసే ఆదేశ పత్రం), చెక్కు అనే మూడింటికి ఇంగ్లండు పద్ధతిలో నియమాలు కూర్చారు. దేశభాషల్లో రాసుకునే పత్రాల విషయంలో స్థానిక వాడుకకు తమ చట్టం అడ్డు రాదని మొదటి సెక్షన్‌లోనే చెప్పారు. వ్యాపారులు డబ్బు పంపకానికీ అప్పుకూ రాసుకునే దేశీ పత్రమైన హుండీ వ్యాపారాన్ని దాని మానాన దాన్ని వదిలేశారన్నమాట. బజారులో పరువు పోతే సాహుకారుకు మళ్లీ సరుకు పుట్టదు కాబట్టి, హుండీకి జైలు భయం అవసరం పడలేదు. చెక్కుకు అలాంటి కట్టుబాటు లేదు. అది చెల్లకపోతే సివిల్ దావా వేయాలి, మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్ల తరబడి తిరిగి డిక్రీ తెచ్చుకోవాలి, ఆ డిక్రీ అమలుకు మళ్లీ ఈపీ (అమలు పిటిషన్) వేయాలి. అప్పటి భారత శిక్షాస్మృతిలోని 420 సెక్షన్ కింద మోసం కేసు పెట్టవచ్చు గానీ, చెక్కు రాసే క్షణానికే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని రుజువు చేయాలి. 'అప్పుడు కట్టగలననే అనుకున్నాను, తరువాత వ్యాపారం దెబ్బతింది' అన్న జవాబు ముందు ఆ కేసు నిలవడం కష్టం.

బ్యాంకుల జాతీయీకరణ తరువాత చెక్కు వాడకం పెరగడంతో ఈ లోపం పెద్దదైంది. బ్యాంకింగ్ చట్టాలను సమీక్షించిన సంఘం 1975లో ఇచ్చిన నివేదికలో, చెక్కు చెల్లకపోవడాన్ని శిక్షార్హం చేయాలని సూచించింది. దాని అధ్యక్షులు పి.వి. రాజమన్నారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన తెలుగు పాఠకులకు నాటకకర్తగానూ తెలుసు. ఆ సూచన చట్టం కావడానికి పదమూడేళ్లు పట్టింది. 1988లో పార్లమెంటు చేసిన సవరణతో 138 నుంచి 142 వరకు సెక్షన్లు కొత్తగా చేరి, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బాకీల చెల్లింపులో చెక్కుకు ఆదరణ పెంచడం, అదే సమయంలో నిజాయతీపరులు వేధింపులకు గురికాకుండా చూడటం తమ ఉద్దేశమని సవరణ తెచ్చినవారు చెప్పుకున్నారు. ఆ రెండో మాట కోసమే నోటీసు, 15 రోజుల గడువు పెట్టారు. చాలామంది పొరబడేదీ ఇక్కడే: చెక్కు బౌన్సయిన రోజున నేరం పూర్తి కాదు, నోటీసు అందాక కూడా కట్టకుండా పదిహేను రోజులు దాటినప్పుడే అవుతుంది. నోటీసు కవరు తలుపు తాళం వేసి ఉందన్న రాతతో తిరిగొచ్చినా, చిరునామా సరైనదైతే అందినట్లే భావించవచ్చని సుప్రీంకోర్టు 2007లో స్పష్టం చేసింది. నిజంగా అందలేదనేవారు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో కట్టి బయటపడవచ్చని కూడా చెప్పింది.

మొదట్లో గరిష్ఠ శిక్ష ఏడాది జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. నోటీసు పంపడానికి అప్పట్లో 15 రోజులే ఉండేది. 2003 ఫిబ్రవరి 6 నుంచి అమలైన సవరణ జైలును రెండేళ్లకు, నోటీసు గడువును 30 రోజులకు పెంచింది; సాక్ష్యాన్ని అఫిడవిట్‌గా ఇవ్వవచ్చంది; ఇరుపక్షాల రాజీకి దారి తెరిచింది; ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలంది. ఆరు నెలల మాట చట్టంలోనే మిగిలిపోయింది. 2008లో లా కమిషన్ తన 213వ నివేదికలో పెండింగు చెక్కు కేసులు 38 లక్షలకు పైగా ఉన్నాయని చెప్పి ప్రత్యేక కోర్టులు కోరింది. 2019 చివరికి దేశంలోని 2.31 కోట్ల పెండింగు క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఇవేనని సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది.

ఈ రద్దీ చిన్న వ్యాపారి మీద ఎలా పడిందో కేసు ఎక్కడ వేయాలన్న వివాదం చూస్తే తెలుస్తుంది. గుంటూరులో మిర్చి అమ్మిన వ్యాపారికి ఢిల్లీ కొనుగోలుదారు అక్కడి బ్యాంకు చెక్కు ఇచ్చాడనుకుందాం. 1999 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నేరంలోని ఐదు అంశాల్లో (చెక్కు రాయడం, బ్యాంకులో వేయడం, అది తిరిగిరావడం, నోటీసు ఇవ్వడం, గడువులో కట్టకపోవడం) ఏదో ఒకటి జరిగిన చోట కేసు వేయవచ్చు. గుంటూరు వ్యాపారి గుంటూరులోనే వేసుకునేవాడు. ఈ వెసులుబాటును పెద్ద ఫైనాన్సు కంపెనీలు కూడా వాడుకుని, ఎక్కడో ఉన్న బాకీదారులను తమ ఊరి కోర్టుకు రప్పించడం మొదలుపెట్టాయి. 2014 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దీన్ని తిప్పేసి, చెక్కు తిరగగొట్టిన బ్యాంకు ఉన్న చోటే కేసు నడవాలంది. సాక్ష్యం నమోదు మొదలుకాని ఫిర్యాదులను 30 రోజుల్లో అక్కడ వేసుకోవడానికి తిప్పి ఇచ్చేశారు. అంటే గుంటూరు వ్యాపారి ఫైలు పట్టుకుని ఢిల్లీ రైలు ఎక్కాలి. ఏడాది తిరగకముందే, 2015 జూన్ 15న ఆర్డినెన్సు వచ్చి, సొమ్ము రావలసినవారు తమ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలో వేసుకోవచ్చని మార్చింది. పది నెలల తేడాలో కట్టలు కట్టలుగా ఫైళ్లు అటూ ఇటూ ప్రయాణించాయి. ఆ ఖర్చు ఎవరి పద్దులో రాసుకోవాలో ఏ తీర్పూ చెప్పలేదు.

ఆ తరువాతి మార్పులు సొమ్ము రాబట్టడం వైపే మొగ్గాయి. 2018 సెప్టెంబరు 1 నుంచి, కేసు తేలకముందే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు వచ్చింది. శిక్ష పడి అప్పీలుకు వెళ్లేవారు పరిహారంలోనో జరిమానాలోనో కనీసం 20 శాతం డిపాజిటు చేయాలని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. 2020 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఈ నేరాన్ని నేరాల జాబితా నుంచి తొలగించాలని ప్రతిపాదిస్తే వర్తక సంఘాలు వ్యతిరేకించాయి, సెక్షన్ నిలిచింది. జైలు భయం ఒక్కటే తమ చేతిలో ఉన్న ఆయుధమన్నది వారి వాదన. అరువు మీద సరుకు ఇచ్చి చూసినవారెవరూ దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. 2021లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ నారీమన్ ఈ సెక్షన్‌ను క్రిమినల్ తోడేలు తోలు కప్పుకున్న సివిల్ గొర్రెగా వర్ణించారు; పైకి నేరం, లోపల బాకీ తగాదా అని అర్థం. రాజీకి ఆలస్యంగా ముందుకొచ్చే నిందితులు చెక్కు మొత్తంలో ఇంత శాతం ఖర్చుల కింద కట్టాలని 2010లో పెట్టిన శాతాలను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తగ్గించడంలోనూ ఆ దృష్టే కనిపిస్తుంది: నిందితుడి తరఫు సాక్ష్యం మొదలుకాకముందే కడితే అదనపు ఖర్చేమీ లేదు.

కంపెనీలు, భాగస్వామ్య సంస్థల విషయంలో మరో చిక్కు ఉంది. సంతకం ఒకరిదే అయినా ఫిర్యాదులో భార్య, తమ్ముడు, పేరుకు మాత్రమే డైరెక్టరుగా ఉన్న మామగారు అందరూ నిందితులవుతారు. హైదరాబాదుకు చెందిన ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు, డైరెక్టరు అయినంత మాత్రాన సరిపోదని, నేరం జరిగిన నాటికి వ్యాపార నిర్వహణ ఆ వ్యక్తి చేతిలో ఉందని ఫిర్యాదులోనే చెప్పాలని తేల్చింది. అయినా అందరి పేర్లూ రాసే అలవాటు పోలేదు.

ఇన్ని మార్పుల్లోనూ ఎవరూ ముట్టుకోనిది ఖాళీ చెక్కు. చెల్లింపు కోసం పుట్టిన చట్టాన్ని అప్పిచ్చేవారు హామీగా మలచుకున్నారు. పూర్వం ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకునేవారు. ఎగవేస్తే సివిల్ దావా ఒక్కటే దారి. ఇప్పుడు నోటుతోపాటు సంతకం మాత్రమే చేసిన రెండు మూడు చెక్కు లీఫులు తీసుకుంటారు. అలా ఇష్టపూర్వకంగా ఇచ్చిన చెక్కును ఎదుటివారు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారన్న 139 సెక్షన్ భావన వర్తిస్తుందని, కాదని చూపే భారం సంతకం చేసినవారిదేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో కొంత కట్టి ఉంటే మాత్రం, ఆ జమను చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 కింద నేరం కాదని 2022లో అదే కోర్టు తేల్చింది. అందుకే కట్టిన ప్రతి వాయిదాకూ రసీదు ఉండాలి. చేతికిచ్చిన నగదుకు సాక్ష్యం దొరకదు. 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు చెక్కు కాలపరిమితిని ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గించింది. అది చెక్కు మీద వేసిన తేదీ నుంచి లెక్క. ఫైనాన్సు వ్యాపారి బీరువాలో ఉన్న చెక్కు మీద ఆ తేదీ ఇంకా వేసి ఉండదు.