కోడిపిల్లకు కళ్లజోడు

మారతహళ్లి నుంచి ఒక తల్లి అడిగారు: "మా బాబు నాలుగో క్లాసండీ. నోటితో అడిగితే లెక్కలు టకటకా చెప్తాడు. యూనిట్ టెస్టులో మాత్రం సగం తప్పులు. జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ ఉంటే చెప్పండి." లెక్కల పుస్తకం, క్లాసు నోట్‌బుక్ ఫొటోలు కూడా పంపారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కూడికల్లో తప్పే లేదు. బోర్డు మీది 8ని 3గా, 6ని 0గా ఎక్కించుకుని, ఆ తప్పుడు అంకెలతో లెక్క సరిగ్గానే చేశాడు. టానిక్ తర్వాత, ముందు కళ్లు చూపించండి అన్నాను.

సైటు, అంటే దూరంవి మసగ్గా కనపడటం గురించి బళ్లో చెప్పేది కిరణాల బొమ్మ దగ్గర ఆగిపోతుంది. కనుగుడ్డు పొడవు ఎక్కువైంది, బొమ్మ రెటీనాకు ముందే పడింది, మైనస్ అద్దం పెట్టాం, అయిపోయింది. అసలు ఎంత పొడవు పెరగాలో కంటికి ఎలా తెలుస్తుందన్న సంగతి ఎవరూ ఎత్తరు. నాకు ఆసక్తి అక్కడే.

కంటిని సినిమా హాలు అనుకోండి. ముందు ప్రొజెక్టర్, వెనక గోడకు తెర, అదే రెటీనా. పుట్టినప్పుడు ఆ హాలు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యేసరికి 24 దాకా వస్తుంది. బొమ్మ తేటగా పడే చోటును వెతుక్కుంటూ తెర మెల్లగా వెనక్కి జరుగుతుంది. మరి ఆపమని చెప్పేది మెదడా? కోడిపిల్లలకు మైనస్ అద్దాలు తొడిగి చూశారు. బొమ్మ తెర వెనక్కి పోయింది, కొద్దిరోజుల్లోనే తెర కూడా దాని వెంట పోయింది, అంటే కన్ను పొడవైంది. ప్లస్ అద్దాలు పెడితే ఎదుగుదల నెమ్మదించింది. మెదడుకు వెళ్లే నరం కోసేసినా దాదాపు ఇదే తంతు! న్యూయార్క్‌లో జోష్ వాల్మన్ బృందం 1987లో ఇంకో అడుగు వేసింది: చూపులో సగాన్ని మాత్రం మసకబరిస్తే, కనుగుడ్డు ఆ సగం వైపే సాగింది. అంటే తెర తన కొలత తనే చూసుకుంటోంది, అదీ ముక్కముక్కగా. చిక్కల్లా ఏమిటంటే, పిల్లల కళ్లలో ఒకసారి వెనక్కి పోయిన తెరను ముందుకు తెచ్చే దారి లేదు. ఒక్క మిల్లీమీటరు అదనంగా పోతే అద్దాల పవర్ సుమారు రెండున్నర డయాప్టర్లు (పవర్ కొలత అది) పెరుగుతుంది.

తెరను ఆపే సంకేతాల్లో ఒకటి డోపమైన్ అనే రసాయనం. వెలుతురు బాగా ఉంటే రెటీనా దాన్ని ఎక్కువగా వదులుతుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, క్లాసు గదిలో అది 300 నుంచి 500 లక్స్. మన బెంగళూరు జూలై మబ్బుకింద మధ్యాహ్నం బయట నిలబడినా అది వేలల్లో ఉంటుంది. కంటిపాప సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎంతసేపు ఆడినా, కాళ్లకు వ్యాయామమే తప్ప కళ్లకు ఒరిగేదేమీ లేదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల బయటి పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లకు కొత్తగా సైటు వచ్చినవాళ్లు ఆ బళ్లలో 30.4 శాతం, మిగతా బళ్లలో 39.5 శాతం. మన దగ్గరేమో పరీక్షలు రాగానే మొదట ఎగిరిపోయేది పీటీ పీరియడ్. దాన్ని లెక్కల టీచరు పట్టుకుపోతారు, ఇంట్లో సాయంత్రం ఆట ట్యూషన్‌కు పోతుంది. ఎండ సైటు రాకుండా చూడటంలో బాగా పనిచేస్తుంది, వచ్చాక అంతగా కాదు. కాబట్టి చిన్న క్లాసుల్లోనే జాగ్రత్త పడాలి.

ఇక "అద్దాలు పెడితే పవర్ పెరిగిపోతుంది" అనే మాట. కోడిపిల్ల లెక్క ప్రకారం పవర్ కాస్త తగ్గించి ఇస్తే మేలు జరగాలి. 2002లో కౌలాలంపూర్ పరిశోధకులు పిల్లలకు అలాగే 0.75 డయాప్టర్లు తగ్గించి ఇచ్చి చూశారు. సైటు ఇంకా వేగంగా పెరిగింది. అందుకే "పెళ్లికి ఎదిగే పిల్ల, అద్దాలెందుకు" అంటూ డబ్బాలో దాచేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. క్యారట్ తినండి, తప్పులేదు, దాంతో కనుగుడ్డు మాత్రం పొట్టిదవదు.

పరీక్షల ముందు ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది. పిల్లలను ఒక్కో కన్ను మూయించి, గది అవతలి గోడ మీద క్యాలెండర్ అంకెలు చదివించండి. రెండు కళ్లతో అడిగితే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, పిల్లలకే తెలియదు. ఏదైనా కన్ను తడబడితే, దళసరి అట్టకు గుండుసూదితో చిన్న రంధ్రం చేసి అందులోంచి చూడమనండి. సన్నని కిరణాలే లోపలికి పోతాయి కాబట్టి తెర ఎక్కడున్నా మసక తగ్గుతుంది. అంకెలు తేటపడితే చాలావరకు అది అద్దాలతో తీరే సమస్య. తేటపడకపోతే టెస్టులు అయ్యేదాకా ఆగకుండా, ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి.